స్కూల్లో ఏ సబ్జెక్టులు చదవాలో పిల్లల్నే ఎంచుకోనివ్వవచ్చా?

ఎంచుకోనివ్వాలి, కానీ అన్నీ కాదు, ఏ వయసులో పడితే ఆ వయసులోనూ కాదు. తాము కోరి తీసుకున్న సబ్జెక్టు మీద పిల్లలు పెట్టే శ్రద్ధే వేరు. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చెప్పిందీ ఇదే: నిర్ణయం తమదే అనిపించినప్పుడు ఆసక్తి లోపలి నుంచి పుడుతుంది.

చిక్కల్లా ఆ ఎంపిక దేన్ని చూసి జరుగుతోందన్నదే. 14 ఏళ్ల అమ్మాయి లెక్కలు వదిలేస్తానంటే, అసలు కారణం లెక్కలు కాకపోవచ్చు. టీచర్ అందరి ముందూ తిట్టి ఉండొచ్చు, ప్రాణ స్నేహితురాలు వేరే సబ్జెక్టు తీసుకుని ఉండొచ్చు. రెండేళ్లు పోయాక ఫిజిక్స్ మీద మనసు పడితే, అప్పటికి వెనక్కి రావడం చాలా కష్టం. అందుకే భాష, లెక్కలు, సైన్స్ ఒక స్థాయి వరకు అందరూ చదివి తీరాలని నా గట్టి అభిప్రాయం.

పెద్ద తరగతులకు ఇంటర్నేషనల్ బాకలారియేట్ డిప్లొమా (చాలా దేశాల స్కూళ్లలో చివరి రెండేళ్లకు ఉన్న కోర్సు) పద్ధతి నాకు నచ్చుతుంది. అందులో 6 సబ్జెక్టులు తీసుకోవాలి. భాషలు, గణితం, సైన్స్, సామాజిక శాస్త్రాలు తప్పవు. ఒక్కో విభాగంలో ఏ సబ్జెక్టు, ఏ స్థాయిలో అన్నది చాలావరకు విద్యార్థి ఇష్టం.

ఎంచుకున్నాక మొదటి కొన్ని వారాల్లో మార్చుకునే వీలు కూడా ఉండాలి. అది లేకపోతే పిల్లలకు ఎంపిక అంటేనే టెన్షన్.