మడత సైకిల్‌కు వెల్డింగ్ కొట్టించకండి

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. షాద్‌నగర్‌లో ఒక కంపెనీలో పని చేస్తాను. రోజూ రైల్లో పోయి, స్టేషన్ నుంచి నాలుగు కిలోమీటర్లు ఆటోలో వెళ్లేవాణ్ని. ఆటో కిరాయి మిగులుతుందని 26 అంగుళాల చక్రాల మడత సైకిల్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. రూ.13,499 అయింది. మా బామ్మర్ది ఖాతాలోంచి ఆర్డర్ పెట్టాం కాబట్టి బిల్లు ఆయన పేరున ఉంది. ‘ఫుల్ సైజ్ సైకిల్, మడిస్తే రైల్లో కూడా పడుతుంది’ అని ప్రకటనలో రాశారు. ఐదు వారాలకే ఫ్రేము మధ్యలో, మడత పడే చోట వెల్డింగ్ నెర్రెలిచ్చింది. కిందపడి మోచేయి గీరుకుపోయింది. అమ్మినవాళ్లను అడిగితే వాపసుకు పది రోజుల గడువు దాటిందని, కావాలంటే లూధియానా కోర్టులో చూసుకొమ్మని అంటున్నారు. అంతకుముందే ఒకరోజు టీటీఈ దాన్ని పెట్టెలో ఎక్కించొద్దన్నాడు. నూటయాభై ఇస్తే ఇక్కడే వెల్డింగ్ కొడతామంటున్నారు. కొట్టించుకొని ఊరుకోమంటారా? కేసు వేస్తే పైసలొస్తాయా?
(ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్)

జవాబు: ముందు ఆ వెల్డింగ్ ఆపండి. మీ కేసంతా ఆ నెర్రెలోనే ఉంది. దానిమీద మన షాపువాడి కడ్డీ ఒక్కసారి తగిలితే చాలు, ‘ఈ పగులు మాదా, మీ మేస్త్రీదా?’ అని అవతలి వకీలు అడుగుతాడు. దానికి మీ దగ్గర జవాబుండదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 38 ప్రకారం, పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదనుకుంటే, ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపుతుంది. అప్పటికి సైకిల్ ఉన్నది ఉన్నట్టుండాలి. ఇక దాన్ని ఎక్కకండి. పగులు పక్కన స్కేలు పెట్టి, పగటి వెలుతురులో దగ్గరినుంచి ఫొటోలు తీయండి. ఇనుప ఫ్రేమైతే పగులు అంచున తుప్పు ఉందేమో చూడండి. ఉంటే, ఒక్క గుంతలో పడి అప్పటికప్పుడు విరిగింది కాదని వాదించడానికి పనికొస్తుంది. ఫ్రేము నంబరు కూడా ఫొటో తీయండి. సైకిల్‌ను తలకిందులు చేస్తే చాలావాటికి పెడళ్ల ఇరుసు దగ్గర కొట్టి ఉంటుంది.

ఇక వాళ్లు చెప్పే సాకులు. వాపసు గడువు వేరు, లోపానికి బాధ్యత వేరు. రంగు నచ్చక తిప్పి పంపేవాడికి పది రోజులు పెట్టుకోవచ్చు, మనకు అభ్యంతరం లేదు. కానీ వస్తువులో లోపముంటే, ప్రకటనలో చెప్పినట్టు లేకుంటే, వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు అమ్మకందారుకు చెబుతున్నాయి. ఫిర్యాదు వేయడానికి చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. లూధియానా బెదిరింపుకూ జంకకండి. బిల్లు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఏం అచ్చేసినా, మీరు నివసించే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చని సెక్షన్ 34 స్పష్టంగా చెబుతోంది. అంటే మీ మహబూబ్‌నగర్ జిల్లా కమిషన్‌లోనే. బిల్లు బామ్మర్ది పేరున ఉన్నా దిగులు లేదు. కొన్నవారి అనుమతితో వాడుకునేవారూ చట్టం దృష్టిలో వినియోగదారులే. ఆయన చేత ఒక చిన్న అఫిడవిట్ రాయించి జతపరచండి.

మీరు గమనించారో లేదో, టీటీఈ మీకు మేలే చేశాడు. పెట్టెలో వెంట తీసుకెళ్లే సూట్‌కేసులు, ట్రంకుల వంటి సామానుకు రైల్వే పెట్టిన హద్దు 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 మందం. అది దాటితే బుక్ చేసి బ్రేక్ వ్యాన్‌లో, అంటే రైలుకుండే సామాన్ల పెట్టెలో వేయాలి. 26 అంగుళాల చక్రమంటే అదొక్కటే ఎటు కొలిచినా సుమారు 66 సెంటీమీటర్లు, 60 హద్దు దాటినట్టే. మడిస్తే రెండు చక్రాలు పక్కపక్కకు వస్తాయి గానీ చిన్నవైపోవు కదా! కాబట్టి టీటీఈతో వాదించి లాభం లేదు, ఆయన మాటే నిజం. అయితే ‘రైల్లో పడుతుంది’ అన్న ప్రకటన మిమ్మల్ని తప్పుదారి పట్టించిందని చెప్పడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు. నెర్రె సంగతి ల్యాబ్ తేల్చాలి. ఇది మాత్రం టేపుతోనే తేలిపోతుంది. ఆ ప్రకటన పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి. మీ నోటీసు అందిన మర్నాడు ఆ వాక్యం అక్కడ ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

వరుస ఇలా పెట్టుకోండి. మీరు ఆర్డర్ పెట్టిన ఆన్‌లైన్ వేదికకు చెందిన ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అదే మెయిల్‌లో అమ్మకందారు పూర్తి చిరునామా అడగండి, వాళ్లు ఇచ్చి తీరాలి. జాతీయ హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేయండి. ఇలాంటివి కొన్ని అక్కడే తెగిపోతాయి. తెగకపోతే స్పీడ్ పోస్టులో నోటీసిచ్చి ఫిర్యాదు వేయండి. అమ్మకందారు, వేదిక, తయారీదారు ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరు ఇంకొకరి మీదికి తోస్తూ కూర్చుంటారు. కొన్న ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. వకీలును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ మాట రాసినందుకు మా వకీళ్ల బార్ అసోసియేషన్‌లో నాకు చాయ్ పోసేవాడుండడు.

ఏం అడగాలి? ధర మొత్తం వడ్డీతో వాపసు, మోచేతి వైద్యం ఖర్చు, తిరుగుడు శ్రమకు కొంత పరిహారం, ఖర్చులు. ఆసుపత్రి చీటీ, మందుల బిల్లు జతచేయండి. గీరుకుపోయిన మోచేతికి ఐదు లక్షలు అడిగినవాళ్లను చూశాను. అలా అడిగితే నిజమైన నష్టం మీద కూడా అనుమానం పుడుతుంది. చట్టంలో మూడు నెలలు, ల్యాబ్ పరీక్ష ఉంటే ఐదు నెలలు అని రాశారు. మీరు మనసులో ఏడాది అనుకొని దిగండి.

మళ్లీ ఏది కొనాలని మీరు అడగలేదు గానీ, ఆటో ఖర్చు అలాగే ఉంది కాబట్టి చెబుతున్నా. 20 అంగుళాల చక్రాలవి బాగా చిన్నగా మడతపడతాయి, కానీ హ్యాండిల్, పెడళ్లు కలుపుకుంటే మందం 25 సెంటీమీటర్లు దాటేవే ఎక్కువ. కొనే ముందు మడిచిన కొలతలు మూడూ ఈమెయిల్‌లో రాయించుకోండి. అసలు మీరు తొక్కేది షాద్‌నగర్ వైపు నాలుగు కిలోమీటర్లే కదా. స్టేషన్ దగ్గర స్టాండులోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఒక మామూలు సైకిల్ తాళం వేసి ఉంచుకుంటే రైలెక్కించే పనే ఉండదు. సెకండ్ హ్యాండ్‌దైనా సరే, నలిగిన చీటీ మీదైనా సరే, బిల్లు మాత్రం ఈసారి మీ పేరున రాయించుకోండి.