ఆయాసం రాకముందే నడవండి

పరుగు కొత్తగా మొదలుపెట్టి ఇబ్బంది పడుతున్న పాఠకుల ప్రశ్నలకు ఈసారి సమాధానాలు.

నా వయసు 38, బరువు 72 కిలోలు. పిల్లల్ని బడికి పంపాక కాలనీ పార్కులో పరుగు మొదలుపెట్టాను. రెండు నిమిషాలు కాకముందే గుండె దడదడలాడి, నోరు ఎండిపోతోంది. అందరి ముందూ ఆగి నడవాలంటే సిగ్గుగా ఉంది. నాకిక పరుగు రానట్టేనా?
– ఒక గృహిణి, హనుమకొండ

తప్పకుండా వస్తుందమ్మా. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే వేగం ఎక్కువైనట్టుంది. కొత్తవాళ్లలో చాలామందికి ఎదురయ్యే చిక్కే ఇది. కండరాలకు అందే ఆక్సిజన్ చాలనంత వేగంగా వెళ్లినప్పుడు శరీరంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా తయారవుతుంది. దాన్ని బయటికి పంపడానికే శరీరం అలా రొప్పుతుంది.

ముందు 5 నిమిషాలు చురుగ్గా నడవండి. తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. ఇలా 8 రౌండ్లు చేస్తే 20 నిమిషాలు అవుతుంది. చివర్లో ఇంకో 5 నిమిషాలు నింపాదిగా నడిచి ఆపండి. వారానికి 3 రోజులు చాలు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ ఉండాలి. 60 సెకన్లు కూడా కష్టమైతే 30 సెకన్ల పరుగు, 90 సెకన్ల నడకతో మొదలుపెట్టండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

వేగం గంటకు ఆరున్నర, ఏడు కిలోమీటర్లు దాటనివ్వొద్దు. అంటే నిమిషానికి 115 మీటర్లు, అంతే. వడివడిగా నడిచే మనిషి మీ పక్కనే రాగలగాలి. అడుగులు చిన్నవిగా వేయండి, పాదం ఒంటికి మరీ ముందుకు పడకూడదు. ‘రేపు పాలు అరలీటరు ఎక్కువ పోయమని చెప్పాలి’ అని పరుగులోనే ఒక్క ఊపిరిలో అనగలిగితే వేగం సరిపోయినట్టు. మాట మధ్యలో తెగితే ఇంకా తగ్గించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది నడక ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. మొదటి నిమిషం అయ్యేసరికి ‘ఇంకొంచెం పరుగెత్తగలను కదా’ అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే నడవాలి. బాగున్నాం కదా అని మొదటి రెండు రౌండ్లు లాగించేస్తే, పెరిగిన గుండె వేగం 90 సెకన్లలో దిగిరాదు. ఆ అప్పు రౌండు రౌండుకీ పెరిగి, ఐదో రౌండుకల్లా ఇక నా వల్ల కాదనిపిస్తుంది. చాలామంది మానేసేది అక్కడే. ఫోన్‌లో ఇంటర్వెల్ టైమర్ పెట్టుకుని, అది మోగితే మారుమాట లేకుండా నడవండి.

ఎనిమిదో రౌండు కూడా మొదటిదంత తేలిగ్గా అయితేనే పరుగును 90 సెకన్లకు పెంచండి. ఆ తర్వాత 2 నిమిషాలు, 3 నిమిషాలు. పరుగు పెంచిన వారం నడక తగ్గించొద్దు, వేగం పెంచొద్దు. ఒక్కసారికి ఒక్క మార్పే. ఏదైనా వారం కుదరకపోతే అదే వారాన్ని మళ్లీ చేయండి.

ఇంకో మాట. ఇంత నెమ్మదిగా వెళ్లినా, మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. గర్భవతులు కాని స్త్రీలకు 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనతే. అది సరికాకుండా ఎంత సాధన చేసినా మీకు కష్టంగానే ఉంటుంది.

మధ్యమధ్యలో నడిస్తే అది పరుగే కాదని మా స్నేహితులు అంటున్నారు. 10 కిలోమీటర్ల రన్‌కు పేరిచ్చాను. నిజమేనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

నిజం కాదు. ఈ పద్ధతిని ప్రపంచమంతా పరిచయం చేసిన జెఫ్ గాలోవే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్లు పరుగెత్తినవాడు. రోడ్డు పరుగుల్లో నడవకూడదన్న నిబంధన లేదు, నిర్వాహకులు పెట్టిన కటాఫ్ సమయంలోపు చేరితే చాలు.

లెక్క మీరే చూడండి. గంటకు 7.5 కిలోమీటర్ల వేగంతో 4 నిమిషాలు పరుగెత్తితే 500 మీటర్లు, 5.4 కిలోమీటర్ల వేగంతో ఒక నిమిషం నడిస్తే 90 మీటర్లు. ఈ లెక్కన 10 కిలోమీటర్లు దాదాపు గంటా 25 నిమిషాల్లో అయిపోతాయి. రన్ రోజు మాత్రం ఉన్నట్టుండి ఆగిపోకండి. చెయ్యెత్తి, రోడ్డు అంచుకు జరిగి నడవండి, లేకపోతే వెనకొచ్చేవాళ్లు మీకు తగులుతారు.

నాలుగో వారం నుంచి మోకాలి కింద, ఎముక లోపలి అంచు పొడవునా నొప్పి. ఆయాసం మాత్రం అసలు లేదు. పరుగు పెంచొచ్చా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

పెంచొద్దు. ఇది షిన్ స్ప్లింట్స్, అంటే భారం ఎక్కువై మోకాలి కింది ఎముక అంచున వచ్చే నొప్పి, అయ్యుండొచ్చు. ఊపిరి, గుండె కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకకు, స్నాయువులకు నెలలు పడుతుంది. పరుగులో ప్రతి అడుగుకూ కాలి మీద శరీర బరువుకు రెండు మూడు రెట్ల బలం పడుతుంది, నడకలో అది బరువుకు కాస్త ఎక్కువ మాత్రమే. అందుకే ఆయాసం లేదన్న ధైర్యంతో నడక విరామాలు తీసేసినవాళ్లకు తరచూ ఈ నొప్పి వస్తుంది.

వారం పది రోజులు పరుగు ఆపి, నొప్పి లేనంతవరకు నడవండి. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు రెండు వారాల కిందటి మెట్టుకు దిగండి. రోజు విడిచి రోజు గోడ పట్టుకుని మడమలెత్తి దించండి: మోకాళ్లు నిటారుగా ఉంచి 15, కొద్దిగా వంచి 15, రెండు విడతలు. సిమెంటు రోడ్డు అంచుకు వాలుగా ఉంటుంది. రోజూ ఒకే అంచున పరుగెత్తితే ఒక కాలికి భారం ఎక్కువవుతుంది, కాబట్టి వీలైతే మట్టి ట్రాక్ మీదికి మారండి. వేలితో నొక్కితే ఒక్క చోటే పొడిచినట్టు నొప్పి ఉన్నా, రాత్రిళ్లు సలుపుతున్నా ఎముకలో సన్నని పగులు ఉండే అవకాశం ఉంది. ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకోవడం ఆలస్యం చేయకండి.

వయసు 54, షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నాను. ఈ పద్ధతి నాకు పనికొస్తుందా?
– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఏలూరు

పనికొస్తుంది మాస్టారూ, కానీ ముందు మీ డాక్టరుకు చెప్పి, గుండె పరీక్షలు అవసరమేమో అడగండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగరు పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్‌తో మాత్రం పడిపోవచ్చు, పరుగయ్యాక కొన్ని గంటలకైనా సరే. బయల్దేరేముందు గ్లూకోమీటర్‌లో చూసుకోండి. 70 కంటే తక్కువుంటే ఆ పూట పరుగు వద్దు, ముందు గ్లూకోజ్ తీసుకోండి. 90 లోపుంటే ఒక అరటిపండు తిని, షుగరు పెరిగిందని చూసుకున్నాకే కదలండి. జేబులో మూడు చెంచాల గ్లూకోజ్ పొడి ఉంచుకోండి. చెమట, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే ఆగి వెంటనే నోట్లో వేసుకోవాలి. ఛాతీలో బరువుగా, పట్టేసినట్టు అనిపిస్తే ఆగిపోయి ఆసుపత్రికి వెళ్లండి, రౌండు పూర్తి చేయాలని చూడొద్దు.

ఇంటికొచ్చాక పాదాలను వేళ్ల మధ్య సందులతో సహా చూసుకోండి. షుగరు వల్ల స్పర్శ తగ్గితే బొబ్బ వచ్చినా తెలియదు. బూట్లు సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి. బొటనవేలికి ముందు వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.