ఎప్‌సెట్ ర్యాంకు లేకుండా ఇంజనీరింగ్ చదవవచ్చా? నేను వచ్చిన దారి ఇది

మీ తమ్ముడు ఇంటర్ రెండో ఏడాది లెక్కల్లో తప్పాడని, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాసినా అది ప్రస్తుతానికి పనికిరావడం లేదని రాశారు. సప్లిమెంటరీ రాసి ఫలితం కోసం చూస్తున్నాడు, ఇంట్లోవాళ్లు మాత్రం మరో ఏడాది కోచింగ్ అంటున్నారు, వేరే దారి ఉందా అని అడిగారు. ఉంది, పాలిటెక్నిక్ మీదుగా. అయితే దగ్గరి దారి మాత్రం కాదు. నేను ఆ దారినే వచ్చాను కాబట్టి దాని గుంతలతో సహా చెబుతాను.

2008లో నాకు ఇంటర్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి, లెక్కలు, ఫిజిక్స్. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. ఫలితం చెబితే తిట్టలేదు. డ్యూటీ దిగాక టికెట్ల డబ్బు తగ్గినప్పుడు సంచీ వైపు ఎలా చూసేవారో నా వైపు అలా చూశారు, అంతే. మా మేనమామ వచ్చి ‘వాణ్ని పాలిటెక్నిక్‌లో వేయండి బావా, పది పాసయితే చాలు కదా’ అన్నారు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పాలిటెక్నిక్‌కు అర్హత పదో తరగతే. మధ్యలో ఇంటర్‌లో చేరారా, తప్పారా, మానేశారా అన్నది అడ్డం కాదు, వయసు అడ్డం కాదు. ప్రవేశ పరీక్ష, అంటే ఇప్పటి పాలీసెట్, పదో తరగతి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాల మీదే ఉంటుంది. 120 ప్రశ్నలు. ఇంటర్ లెక్కల్లో తప్పినవాడికి కూడా రెండేళ్లు ఆ చదువులో నలిగాక పది లెక్కలు తేలికగానే అనిపిస్తాయి.

నాకు మొదటి గుంత పరీక్షలో రాలేదు, టీసీ దగ్గర వచ్చింది. ఇంటర్ కాలేజీవాళ్లు ఫీజు బాకీ ఉందని పది మెమోతో సహా ఒరిజినల్స్ అన్నీ పట్టుకు కూర్చున్నారు. నాన్న మూడుసార్లు తిరిగారు, చివరికి అప్పు చేసి కట్టి తెచ్చారు, కౌన్సెలింగ్‌కు రెండు రోజుల ముందు. మీరు ఈ వారంలోనే వెళ్లి తమ్ముడి పది మెమో, స్టడీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో చూసుకోండి. ర్యాంకు సంగతి తర్వాత.

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ వచ్చింది. తరగతిలో అందరూ నిన్నగాక మొన్న పది రాసినవాళ్లు. నాకు మీసాలొచ్చేశాయి. ‘అన్నా’ అని పిలిచేవాళ్లు, మొదటి నెల ఆ పిలుపు వినబడితే సిగ్గుతో చచ్చేవాణ్ని. అది తగ్గింది ఒక రోజు వైరింగ్ ప్రాక్టికల్లో. మెట్ల దగ్గర ఒకే బల్బును కింద ఒక స్విచ్చుతో, పైన ఇంకో స్విచ్చుతో వెలిగించాలి, ఆర్పాలి. చెక్క బోర్డు మీద రెండు టూ వే స్విచ్చులు, ఒక హోల్డరు, వైరు ముక్కలు ఇచ్చారు. నేను మూడుసార్లు కలిపాను, మూడుసార్లూ బల్బు కింది స్విచ్చుకే లొంగింది. నాలుగోసారి వైరు కలపడం ఆపి కాగితం మీద గీశాను: రెండు స్విచ్చుల మధ్య రెండు తీగలు నడవాలి, ఎప్పుడూ వాటిలో ఒకటే పనిచేయాలి. వెలిగింది. ఇంటర్లో రెండేళ్లు సూత్రాలు బట్టీ పట్టి పరీక్ష పేపరు ముందు మరిచిపోయినవాణ్ని, ఇది మాత్రం ఈ రోజుకీ కళ్లు మూసుకుని కలపగలను. నాకు చదువు రాదని కాదు, చేత్తో తాకనిది నా బుర్రకెక్కదని అప్పుడు అర్థమైంది. మీ తమ్ముడూ అలాంటివాడేనా అన్నది మీరే చూడాలి. కాకపోతే ఈ పాలిటెక్నిక్ డిప్లొమా కూడా ఇంకో మూడేళ్ల బట్టీయే అవుతుంది.

తర్వాత ఆరు నెలల శిక్షణ. నన్ను 132/33 కేవీ సబ్‌స్టేషనుకు పంపారు. గంట గంటకూ మీటర్లు చూసి లాగ్ బుక్కులో రాయడమే పని. విసుగు పుట్టేది. అయినా తర్వాత బీటెక్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పాఠం చెబుతున్నప్పుడు మిగతావాళ్లు బొమ్మ చూశారు, నాకు దాని హోరు వినిపించింది.

డిప్లొమా అయ్యాక ఈసెట్. ఇది రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. 200 మార్కుల్లో వంద మన బ్రాంచి సబ్జెక్టుకే, లెక్కలకు 50, ఫిజిక్స్, కెమిస్ట్రీలకు చెరి 25. ఇక్కడో మాట దాచకుండా చెప్పాలి. ర్యాంకు నుంచి తప్పించుకుని చివరికి ర్యాంకు దగ్గరికే వస్తాం. ఈసెట్లోనూ ర్యాంకే, దీనికీ కౌన్సెలింగే, లేటరల్ సీట్లు, అంటే ఇలా రెండో ఏడాదిలో నేరుగా చేరే సీట్లు, తక్కువే. తేడా ఏమిటంటే పోటీకి వచ్చేవాళ్లు ఎప్‌సెట్ అంత మంది ఉండరు, సగం పేపరు మనం మూడేళ్లు చదివినదే ఉంటుంది. కన్వీనర్ కోటాలోనే, అంటే ఆ కౌన్సెలింగ్ ద్వారానే సీటు తెచ్చుకోవాలి. మిగిలిన సీట్లకు కాలేజీవాళ్లే నేరుగా చేర్చుకునే స్పాట్ అడ్మిషన్‌లో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ‘సీటు ఉంది, వచ్చి చేరండి’ అని ఫోను చేసేవాళ్లు ఈ ముక్క మాత్రం చెప్పరు.

2011లో జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీలో చేరాను. అక్కడ హాల్ టికెట్ నంబరు చూస్తేనే ఎవరు ఎటునుంచి వచ్చారో తెలిసిపోతుంది. మొదటి నుంచీ ఉన్నవాళ్ల నంబరు మధ్యలో 1ఏ, మా నంబరులో 5ఏ. రోల్ కాల్‌లో మేము చివర. అదేమీ బాధ కాదు గానీ, మొదటి వారంలోనే లెక్కల సారు ‘ఇది మీరు ఫస్టియర్‌లో చదివారు కదా’ అంటూ సగం బోర్డు దాటేశారు. మేం ఫస్టియర్ చదవలేదు. ఆ సెమిస్టరులో మ్యాథ్స్ 3, బీటా, గామా ఫంక్షన్లు, కాంప్లెక్స్ వేరియబుల్స్. ఆ పేపరు నాకు పోయింది, తర్వాత రాసి గట్టెక్కాను. లేటరల్‌లో వచ్చినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ల్యాబుల్లో మేమే ముందు, లెక్కల్లో మేమే వెనక. ఈసెట్ ఫలితానికీ కాలేజీ తెరవడానికీ మధ్య ఖాళీ దొరుకుతుంది. ఆ రోజుల్లో ఫస్టియర్ లెక్కల పుస్తకం ఒకసారి తిరగేసి ఉంటే నాకా బ్యాక్‌లాగ్ ఉండేది కాదు.

మొత్తం లెక్క చెబితే డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు, ఆరు. ఇంటర్ రెండేళ్లు వృథా అనుకుంటే ఎనిమిది. నేను బీటెక్ పూర్తి చేసేనాటికి నా పదో తరగతి స్నేహితులు ఉద్యోగాల్లో ఉన్నారు. పెళ్లిళ్లలో ‘ఇంకా చదువుతున్నావా’ అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలో ముందే అనుకుని వెళ్లేవాణ్ని.

సప్లిమెంటరీలో తమ్ముడు గట్టెక్కితే నేను పాలిటెక్నిక్ అనను. తెలంగాణలో డిగ్రీకి దోస్త్ అనే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి ఉంది, ఇంటర్ మార్కుల మీదే సీటు, ప్రవేశ పరీక్ష లేదు. లెక్కలతో బీఎస్సీ చేసినవాళ్లకు కూడా ఈసెట్ రాసే వీలుంది, కాబట్టి బీటెక్ తలుపు అక్కడితో మూసుకుపోదు. కంప్యూటర్ల మీద మోజుంటే ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సు చూడండి. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు, అసైన్‌మెంట్లు, ఆ తర్వాత అర్హత పరీక్ష, అందులో నెగ్గితే సీటు. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది. మా ఆఫీసులో ఒకావిడ కూతురు చదువుతోంది. తేలికగా ఇచ్చే డిగ్రీ కాదని, వారం వారం అసైన్‌మెంట్లతో సతమతమవుతోందని అంటారు.

సప్లిమెంటరీలోనూ తప్పితే? అప్పుడు కూడా ఇంటర్‌ను గాలికి వదిలేయకండి. ఓపెన్ స్కూల్లోనైనా పూర్తి చేయించండి. మా పిన్ని అంగన్‌వాడీ టీచరు. ఇంటర్ లేకుండా, అప్పట్లో ఉండే అర్హత పరీక్ష రాసి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏ చదివింది. 1982లో మొదలైన ఆ విశ్వవిద్యాలయం మన దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ. ఆదివారాలు టిఫిన్ డబ్బా పట్టుకుని స్టడీ సెంటరుకు వెళ్లేది. డిగ్రీ వచ్చింది. కానీ దరఖాస్తు పెట్టిన ఒకచోట ‘ఇంటర్ మెమో ఏదమ్మా’ అని అడిగారు. ఆ ఒక్క కాగితం కోసం నలభై ఏళ్ల వయసులో మళ్లీ ఓపెన్ ఇంటర్ కట్టింది.

కోచింగ్ గురించి నా అభిప్రాయం అడిగారు. లెక్కలంటే ఇష్టం ఉండి, జ్వరమో మరేదో వచ్చి తప్పినవాడికి ఏడాది కోచింగ్ పనికొస్తుంది. లెక్కల పుస్తకం చూస్తేనే ముఖం తిప్పుకునేవాణ్ని అదే పుస్తకం ముందు ఇంకో ఏడాది కూర్చోబెడితే పుస్తకం మీద కోపం ఇంట్లోవాళ్ల మీదికి మళ్లుతుంది. మా వీధిలో అలాంటి ఇళ్లు రెండు చూశాను.

పాలీసెట్ మామూలుగా మే నెలలో ఉంటుంది, సప్లిమెంటరీ ఫలితాలు ఆ తర్వాతే వస్తాయి. ఈ ఏడాది దరఖాస్తు చేసి ఉండకపోతే ఈసారికి ఆ దారి దాదాపు లేనట్టే, వచ్చే ఏడాదికి గుర్తు పెట్టుకోండి. ఫలితం వచ్చాక అతని పదో తరగతి లెక్కల మార్కులు, ఇంట్లో ఫ్యాను చెడిపోతే విప్పి చూస్తాడా లేక పక్కింటివాళ్లను పిలుస్తాడా అన్నది కూడా ఇక్కడే రాయండి. బ్రాంచి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.