ఫ్లోరెస్ పల్లెలో మరదలికి ఇస్తామంటున్న కాఫీ తోట: రాయించుకునే ముందు చూడాల్సినవి

మీ తమ్ముడి భార్యది ఇండొనేసియాలో ఫ్లోరెస్ దీవి, మంగ్గరాయ్ కొండల్లో మారుమూల పల్లె. వాళ్ల నాన్నగారు అర హెక్టారు కాఫీ తోట ఇస్తామంటున్నారు. తమ్ముడిది ఇండియా పాస్‌పోర్టు. ఎవరి పేరున రాయించాలి, ఏమేం చూసుకోవాలి అని అడిగారు. పేరు సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది: మీ మరదలి పేరునే. 1960 నాటి అక్కడి భూచట్టం ప్రకారం సొంత హక్కు, అంటే హక్ మిలిక్, ఆ దేశ పౌరులకే దక్కుతుంది. చిక్కంతా ఆమె అన్నదమ్ముల దగ్గర వస్తుంది.

మంగ్గరాయ్ ఆచారంలో కొడుకు ‘అతా ఓనె’, ఇంటి లోపలి మనిషి. కూతురు ‘అతా పెఆంగ్’, బయటి మనిషి. భూమి వారసత్వం కొడుకులదే. కూతురికి తండ్రి ఇష్టపడి ఇచ్చే భూమిని ‘విడాంగ్’ అంటారు. మన పసుపు కుంకుమ పొలం లాంటిదే అనుకోండి. తగువులు కూడా అచ్చం అలాంటివే. తండ్రి ఉన్నన్నాళ్లు ఎవరూ నోరెత్తరు. ఆయన పోయాక ఆమె మేనల్లుళ్లు వచ్చి, ‘తాత సాగు చేసుకుని తినమన్నాడే గాని శాశ్వతంగా ఇవ్వలేదు’ అంటారు. అందుకే ఇది శాశ్వతంగా ఇచ్చిందా, అనుభవించడానికేనా, ఆమె అమ్ముకోవచ్చా, పిల్లలకు వస్తుందా అన్నవి నాలుగూ కాగితం మీద విడివిడిగా ఉండాలి. అన్నదమ్ములందరూ సంతకం పెట్టాలి. వేరే దీవికి కూలికి పోయినవాడిని ‘వాడేమీ అనడులే’ అని వదిలేస్తే, పదేళ్ల తర్వాత తిరిగొచ్చి గొడవ పెట్టేది అతనే. పెళ్లయిన కొడుకులున్న అన్నలుంటే ఆ కొడుకుల చేత కూడా సాక్షి సంతకాలు పెట్టించండి.

సంతకాలకు ముందు ఊరి పెద్దల దగ్గరికి కోడి, కల్లు తీసుకెళ్లి మాట అడిగే పద్ధతి ఉంది, ‘కపు మనుక్, లెలె తువాక్’ అంటారు. దీన్ని తంతు కదా అని దాటేయకండి. రేపు తగువొస్తే ఊళ్లో మొదట అడిగేది ‘కోడి ఎవరు తెచ్చారు, ఎవరు చూశారు’ అనే. భూమి పంపకాల పెద్ద తువా తెనో, ఊరి ఆచార పెద్ద తువా గోలో, ఇద్దరూ ఉండాలి. ఆ రోజే కాగితం రాసి, 10,000 రూపియాల మెతెరాయ్ స్టాంపు అంటించి, వాళ్లిద్దరి సంతకాలు, గ్రామాధికారి కెపలా డెసా సంతకం తీసుకోవాలి.

ఇక కొలత. ఇక్కడ మన లెక్కలు పనికిరావు. ఉమ్మడి భూమిని ‘లింగ్కో’ అంటారు, పంచుకున్నాక పైనుంచి చూస్తే సాలెగూడులా కనిపిస్తుంది. మధ్యలో ‘లోడోక్’ అనే కేంద్రం, అక్కడ ‘తెనో’ అనే కర్ర పాతి ఉంటుంది. కేంద్రం దగ్గర వేళ్లతో కొలిచి వాటాలు వేస్తారు. వాటాను ‘మోసో’ అంటారు, అంటే వేలు. అక్కడినుంచి గీత బయటి హద్దు ‘చిచింగ్’ దాకా సాగుతుంది. కాబట్టి చెక్క కేంద్రం దగ్గర అడుగు పెట్టేంత సన్నగా మొదలై, చివర పెద్ద మడంత వెడల్పవుతుంది. ‘రెండు వేళ్లు’ అంటే ఎంత విస్తీర్ణమో చెప్పలేం. రెండు వేళ్ల చెక్క దగ్గరి వాగుతో ఆగిపోతే చిన్నది, కొండ అవతలి దాకా పోతే చాలా పెద్దది. మీకు అర హెక్టారు, అంటే మన లెక్కలో 1 ఎకరం 23 సెంట్లు, అని చెప్పింది ఎవరో కళ్లతో వేసిన అంచనా అయి ఉండొచ్చు. చిచింగ్ దాకా నడిచి చూడండి.

వాలు ఇంకో మెలిక. ప్రభుత్వ సర్వే పటంలో వచ్చేది సమతలపు కొలత. 30 డిగ్రీల వాలులో టేపుతో 100 మీటర్లు వచ్చిన చోట పటంలో 86.6 మీటర్లే పడుతుంది. భూమి తగ్గిందని సర్వేయరుతో పోట్లాడేవాళ్లు ఇది తెలియకనే పోట్లాడతారు.

హద్దు గుర్తులు సర్వేకు ముందే పాతాలి. 1 మీటరు పైపు, 5 సెంటీమీటర్ల వ్యాసం, 80 సెంటీమీటర్లు నేలలోకి, 20 సెంటీమీటర్లు పైకి, తలకు ఎర్ర రంగు. ప్లాస్టిక్ పైపయితే లోపల కాంక్రీటు నింపాలి, ఖాళీది వానాకాలం మట్టి జారితే వంగిపోతుంది. సాలెగూడు చెక్కలో పక్కవాళ్లు ఇద్దరే కదా అనుకోవద్దు. బయటి హద్దు అవతలి లింగ్కో వాళ్లు కూడా పక్కవాళ్లే. కొలిచే రోజు అందరూ వచ్చి ఒప్పుకోవాలి.

చెట్ల సంగతి చాలామంది అడగరు. అక్కడి ఆచారంలో భూమి ఒకరిది, దానిమీద చెట్లు ఇంకొకరివి కావడం మామూలే. కాఫీ తాతగారు పెట్టి ఉండొచ్చు, లవంగం చెట్లు చిన్నాన్న నాటి ఉండొచ్చు. ఏ చెట్లు, ఎన్ని, ఎవరివి అని లెక్క రాసి కాగితానికి జత చేయండి. తోట స్వాధీన తనఖాలో ఉందేమో కూడా అడగండి. 1960 నాటి 56వ నంబరు చట్టంలో 7వ సెక్షన్ ఒకటుంది: తనఖా 7 ఏళ్లు దాటితే, ఉన్న పంట కోశాక నెలలోగా డబ్బు అడగకుండా భూమి వెనక్కివ్వాలి. పల్లెల్లో ఇది తెలిసినవాళ్లు తక్కువ.

తోట పైగట్టు అడవిని ఆనుకుని ఉంటే ముందు బీపీఎన్ భూమి కార్యాలయంలో అటవీ హద్దు చూపించమనండి. అటవీ పరిధిలో పడితే పట్టా రాదు. మంగ్గరాయ్‌లో కాఫీకీ అడవికీ పాత గాయమే ఉంది: అధికారులు అడవి భూమని కాఫీ చెట్లు నరికించారు, 2004 మార్చిలో అక్కడి పట్టణం రుతెంగ్‌లో నిరసన తెలిపిన రైతులపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

ఎస్‌పీపీటీ అనే పన్ను నోటీసు చూపించి ‘ఇదే పట్టా’ అంటారు. అది శిస్తు రసీదు లాంటిది, హక్కు పత్రం కాదు. దానఖతు పీపీఏటీ అనే దస్తావేజు అధికారి ముందు రాయాలి. ఆ అధికారి లేని ప్రాంతాల్లో మండలాధికారి చమత్ తాత్కాలికంగా ఆ పని చేస్తారు. ఊళ్లో పీటీఎస్‌ఎల్ సామూహిక రిజిస్ట్రేషన్ వచ్చే అవకాశం ఉంటే అందులో చేరడమే మేలు. ఈ ప్రావిన్సులో సన్నాహక ఖర్చుకు 2017లో పెట్టిన గరిష్ఠ పరిమితి 4,50,000 రూపియాలు. పట్టా వచ్చి 5 ఏళ్లలో ఎవరూ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకుండా, కోర్టుకు వెళ్లకుండా ఉంటే, మంచి నమ్మకంతో తీసుకుని సాగు చేసుకుంటున్న యజమానిపై తర్వాత దావా నిలవదు. అందుకే తండ్రి బతికుండగానే పట్టా చేయించమనేది.

మీ తమ్ముడి వైపు పని ఒకటుంది. తండ్రి ఇచ్చిన భూమి ఆమె సొంత ఆస్తే, కానీ తర్వాత కొనేవి ఉమ్మడి ఆస్తి కింద పడితే, విదేశీయుడైన భర్తకూ వాటా ఉన్నట్టయి ఆమె హక్కుకే ఎసరొస్తుంది. ఆస్తుల విభజన ఒప్పందం నోటరీ దగ్గర రాసి, వివాహ రిజిస్టరులో నమోదు చేయించండి. 2016లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు వచ్చాక పెళ్లయిన తర్వాత కూడా ఇది రాసుకోవచ్చు. ఇండియాలో పెళ్లయితే, అక్కడికి తిరిగివెళ్లిన ఏడాదిలోగా ఆ పెళ్లిని అక్కడ నమోదు చేయించాలి. ఆమె భారత పౌరసత్వం తీసుకున్నా, భూమి వారసత్వంగా తమ్ముడికి వచ్చినా, ఏడాదిలోగా ఇండొనేసియా పౌరుడెవరికైనా బదలాయించాలి. బావమరిది పేరున పెట్టి డబ్బు మనం కట్టుకుందాం అనే బినామీ ఆలోచన మాత్రం వద్దు: ఒప్పందం చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, కట్టిన డబ్బు వెనక్కి అడగడానికీ వీల్లేదు.

వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారంటున్నారు కాబట్టి ఇది కూడా చూసుకోండి. సాగు భూమి యజమాని అదే కెచమతన్, అంటే మండలంలోనో, దాన్ని ఆనుకున్న దాంట్లోనో ఉండాలని 1961 నాటి నిబంధన. అమలు బిగువుగా లేకపోయినా, మీ మరదలు గుర్తింపు కార్డులో ఊరి చిరునామా మార్చుకోకపోవడం మంచిది. తోట పాలుకిస్తే కెపలా డెసా ముందు రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. చట్టంలోని కనీస గడువులు ఆహార పంటల భూమికి చెప్పినవి, మెట్టకు 5 ఏళ్లు, వరి మడికి 3 ఏళ్లు; కాఫీ తోటకు వర్తిస్తాయో లేదో అక్కడే అడిగి చూసుకోండి.