అడగండి - చెబుతాం: పులి, పాము, దోమ

ప్రశ్న: మనిషికి అత్యంత ప్రమాదకరమైన జంతువు ఏది? మా పిల్లలు ఒకరు పులి అనీ, ఒకరు మొసలి అనీ వాదించుకుంటున్నారు. పాము అని నేనంటే ఒప్పుకోవడం లేదు.
- ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: పిల్లలకంటే మీరే నిజానికి దగ్గరగా ఉన్నారు గానీ, మొదటి స్థానం పాముది కాదు, దోమది. దోమ జంతువెలా అవుతుందని పిల్లలు అడ్డుపడితే, కీటకాలు కూడా జంతువులేనని చెప్పండి. 2023లో ఒక్క మలేరియాతోనే ప్రపంచవ్యాప్తంగా సుమారు 5,97,000 మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పాముకాటు వల్ల ఏటా 81,000 నుంచి 1,38,000 మంది, రేబిస్ వల్ల సుమారు 59,000 మంది చనిపోతున్నారు. రేబిస్ మనుషులకు సోకేది దాదాపు ఎప్పుడూ కుక్కకాటుతోనే. సినిమాల్లో అంతగా భయపెట్టే సొరచేప వల్ల పోయే ప్రాణాలు ఏడాదికి పది లోపో, కాస్త అటూ ఇటూనో ఉంటాయి.

మలేరియాను మోసుకొచ్చేది దోమేనన్న సంగతి తేలింది మన తెలుగునాటనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని గుర్తించారు. అయితే కోనసీమ వాసులు ముందుగా చూసుకోవలసినది మురుగుకాలువల్లో పెరిగి బోదకాలు అంటించే దోమను, పెరట్లోనే పుట్టి డెంగీ తెచ్చే దోమను. నల్లటి ఒంటిపై తెల్లచారలుండే ఈ రెండోది పగటిపూట కుడుతుంది. కొబ్బరి దింపు అయ్యాక చెట్టు కింద వదిలేసిన చిప్పలో రెండు గుక్కెళ్ల వాననీరు నిలిచినా దానికి చాలు. గుడ్లను నీటిమట్టానికి కాస్త పైన, చిప్ప గోడకు అంటించి పెడుతుంది. అవి ఎండిపోయి నెలల తరబడి ఉండి, మళ్లీ తడి తగలగానే పొదుగుతాయి. అందువల్ల నీళ్లు పారబోస్తే సరిపోదు, చిప్పలను పొయ్యిలోకి పంపాలి, తొట్టెలనైతే పీచుతో రుద్ది కడగాలి.

ప్రశ్న: పాములలో మేము దేనికి ఎక్కువ జాగ్రత్తపడాలి?
- ఒక రైతు, రాజోలు

జవాబు: పొలంలో రక్తపింజరకు, ఇంట్లో కట్లపాముకు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని ఒక అంచనా. రక్తపింజర మనిషి అలికిడికి పారిపోకుండా, కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుసకొడుతూ ఉన్నచోటనే ఉంటుంది కనుక, వరిపనలు ఎత్తేటప్పుడు ముందు కర్రతో కదపడం మేలు. కట్లపాముది వేరే తీరు. అది రాత్రిపూట, నేలమీద చాప వేసుకుని పడుకున్నవారిని కరుస్తుంది. చాలాసార్లు నొప్పిగానీ వాపుగానీ ఉండవు, గాట్లు కూడా కనిపించవు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచినవారికి కాసేపటికి కనురెప్పలు వాలి, మాట ముద్దగా వస్తూంటే, అజీర్తి అనుకుని వాము నమిలించి కాలయాపన చేయరాదు. దోమతెర అంచులను చాప కిందికి దోపి పడుకుంటే దోమతోపాటు ఈ పాము కూడా లోపలికి రాలేదు, అందుకే నేలపై పడుకునేవారికి మంచం లేకపోయినా తెర ఉండాలంటాము.

కాటు పడితే గట్టిగా కట్టు కట్టవద్దు, కోయవద్దు, మంత్రం వేయిస్తూ కూర్చోవద్దు. కరిచిన కాలునో చేతినో కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చండి. పామును చంపి సంచిలో వేసుకుని వెళ్లనవసరం లేదు. మనదేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరలు, ఈ నాలుగింటి విషానికీ ఒకటే.