అట్రజిన్ నీటిలో కలిస్తే నాచుకు, సూక్ష్మజీవులకు ఏమవుతుంది?

మొక్కజొన్న విత్తిన రెండు మూడు రోజుల్లో పిచికారీ చేసే అట్రజిన్ అనే కలుపు మందు, ఆపై పడ్డ గట్టి వానకు కొట్టుకొచ్చి చెరువులో కలిస్తే, కలుపు మొక్కను చంపే తీరులోనే నాచును కూడా దెబ్బతీస్తుంది. కిరణజన్య సంయోగక్రియలో ప్లాస్టోక్వినోన్ అనే అణువు ఎలక్ట్రాన్లను అందుకోవడానికి వచ్చి చేరే చోటును, అంటే డి1 ప్రోటీన్ మీది చిన్న గూటిని, ఈ మందు ముందే ఆక్రమించడం వల్ల, కణం ఎండలో ఉండి కూడా ఆహారం తయారు చేసుకోలేకపోతుంది.

అయితే అన్ని నాచులూ ఒకేలా తగ్గిపోవు. అమెరికాలోని మిన్నెసోటా చిత్తడి నేలల కప్పలపై 2008లో వెలువడిన పరిశోధన ఈ చిక్కునే చూపింది: నీటిలో తేలే నాచు తగ్గగా నీరు తేటపడి, వెలుతురు అడుగుకు చేరి, అక్కడి పాకుడు పెరిగింది, దాన్ని మేసే నత్తలూ, వాటి ద్వారా కప్పలకు సోకే పరాన్నజీవులూ పెరిగాయి. నీరు తేటగా కనబడినంత మాత్రాన బాగున్నట్టు కాదన్నమాట.

బాక్టీరియాలో కిరణజన్య సంయోగక్రియ జరిపే నీలి ఆకుపచ్చ జాతులకు ఇదే దెబ్బ నేరుగా తగులుతుంది. నాచు విడిచే కర్బన పదార్థాల మీద బతికేవాటికి తిండి తగ్గుతుంది. సూడోమోనాస్ జాతిలోని ఏడీపీ అనే రకం మాత్రం, విచిత్రంగా, అట్రజిన్‌నే విరగ్గొట్టి నత్రజనిగా వాడుకుంటుంది.