నోటి మాట నమ్మని మొగుడికి రిపోర్టు దేనికమ్మా

మారతహళ్లి నుంచి నువ్వు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. పెళ్లై నాలుగేళ్లు, ఆయన దగ్గరికొస్తే ఒళ్లు స్పందిస్తుంది గానీ మనసుకి ఏమీ అనిపించదు, "ఒంటికి ఇష్టమే, నువ్వే నాటకాలాడుతున్నావు" అంటాడాయన. అందుకని రక్తప్రసరణ కొలిచే పరీక్ష బెంగళూరులో ఎక్కడ చేస్తారని అడిగావు.

ఆ అడ్రసు నేను చెప్పను. ఆ పరీక్ష చేసేది పరిశోధనల్లో వాడే పరికరంతో, 1970ల నాటిది. చిన్న గొట్టంలాంటిది యోని లోపల పెట్టుకుంటే వెలుతురు పంపి రక్తం ఎంత చేరిందో చూస్తుంది, అంతే. షుగరుకి ఉన్నట్టు ఇంత ఉంటే నార్మల్ అనే అంకె దానికి లేదు. ఇలాంటి 132 అధ్యయనాలు కలిపి 2010లో లెక్కేస్తే ఒంటికీ నోటి మాటకీ పొంతన మగవాళ్లలో 0.66, ఆడవాళ్లలో 0.26 మాత్రమే. పూర్తిగా కలిస్తే 1 అన్నమాట. అంటే ఒళ్లు ఒకటి చెప్పి మనసు ఇంకోటి చెప్పడం నీ ఒక్కదానికే వచ్చిన రోగమూ కాదు, నాటకమూ కాదు. వయాగ్రాని ఆడవాళ్ల మీద ఏళ్లకేళ్లు పరీక్షించి 2004లో మానుకున్నారు, రక్తం చేరినా కోరిక రాలేదని. అందుకే డాక్టర్లు ఎక్కువగా అడిగే తెలుసుకుంటారు. గత నాలుగు వారాల గురించి 19 ప్రశ్నల పత్రం ఒకటుంది. జబ్బు అని రాయాలన్నా బాధ ఆ మనిషికి ఉండాలి, మొగుడికి ఉంటే లెక్కలోకి రాదు!

ఇక అసలు సంగతి నువ్వు చివర్లో గబగబా రాసేశావు. ఆయన ఫోన్‌లో తేదీలు రాసుకుని ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ నీకు చూపిస్తాడట, పాలవాడి లెక్కలాగా. ఇష్టం లేదని నువ్వు చెబితే నమ్మని మనిషి యంత్రం చెబితే నమ్ముతాడా? నమ్మినా ఆ నమ్మకం నీకెందుకు? ఇష్టమో కాదో పెళ్లాం నోటితో చెప్పిందే ఆఖరి మాట, ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు.

టెన్షన్‌కి ఏడాదిగా మాత్ర వేసుకుంటున్నానని కూడా రాశావు. అలాంటి వాటిలో కొన్ని కోరికను తగ్గిస్తాయి. నీ అంతట నువ్వు ఆపెయ్యకు, రాసిచ్చిన డాక్టర్నే అడుగు. నొప్పి ఉంటే గైనకాలజిస్టుకి దాచకుండా చెప్పు.

వచ్చే ఆదివారం ఆ తేదీల లిస్టు నీ ముందే తీసెయ్యమను. తీయనంటే ఏమన్నాడో ఉన్నదున్నట్టు నాకు మళ్లీ రాయి.